బడిలో వైవిధ్య దినోత్సవం: "తమ దేశం" అంటే ఏది అని మా అమ్మాయి అడిగింది

తూనీగ:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా అమ్మాయి ఒక అంతర్జాతీయ పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. తరగతిలో 22 మంది పిల్లలు, వాళ్ల ఇళ్లలో మాట్లాడే భాషలు 11. మే 21 ఐక్యరాజ్యసమితి ప్రకటించిన సాంస్కృతిక వైవిధ్య దినోత్సవం కాబట్టి, ఏటా ఆ రోజున బడిలో పెద్ద వేడుక చేస్తారు. ఈసారి ఇంటికి వచ్చిన ఉత్తరంలో మూడే వాక్యాలున్నాయి. పిల్లలు తమ దేశపు దుస్తుల్లో రావాలి. తమ దేశపు జెండా పట్టుకుని ఊరేగింపులో నడవాలి. తల్లిదండ్రులు తమ దేశపు వంటకం ఒకటి తేవాలి.

నేను తెలుగు. మా వారిది స్పానిష్ మాట్లాడే కుటుంబం. పిల్ల పుట్టింది మూడో దేశంలో, ఇప్పుడు ఉంటున్నది నాలుగో దేశంలో. రాత్రి భోజనాల దగ్గరికి ఆ ఉత్తరం తీసుకొచ్చి, "తమ దేశపు" అన్న మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి నా ముందు పెట్టింది. "ఇది ఏది అమ్మా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. మా వారు "రెండు జెండాలు పట్టుకో" అన్నారు. "మరి నేను పుట్టిన ఊరు?" అంది. కాసేపయ్యాక, ఆ రోజు బడికి వెళ్లనని చెప్పి పడుకుంది.

వేడుకంటే నాకు వ్యతిరేకత లేదు. బడి మీద ఫిర్యాదు చేయాలనీ లేదు, అక్కడి టీచర్లు మంచివాళ్లు. కానీ పిల్ల అడిగిన ప్రశ్న సరైనదే అనిపిస్తోంది. బడివాళ్లతో మాట్లాడాలంటే ఏమని అడగాలి? మీలో ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉందా?

నల్లబల్ల:
తూనీగ గారూ, నేను 14 ఏళ్లుగా అంతర్జాతీయ ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెబుతున్నాను. మీ అమ్మాయి సున్నా చుట్టిన మాట దగ్గరే అసలు చిక్కంతా ఉంది. ఆ ఉత్తరం పిల్లను దేశానికి ప్రతినిధిగా పిలుస్తోంది. ఎనిమిదేళ్ల బిడ్డ తన ఇంటికి ప్రతినిధి కాగలదు, దేశానికి ఎలా అవుతుంది?

లూయీస్ డెర్మన్ స్పార్క్స్ అనే విద్యావేత్త 1989లోనే ఈ పద్ధతిని పర్యాటకుల యాత్రతో పోల్చారు. ఏడాదిలో ఒక రోజు ఫలానా దేశానికి "వెళ్లి", బట్టలు చూసి, వంట రుచి చూసి, మర్నాడు "అసలు పాఠాలకు" తిరిగి వచ్చేయడం. అలా చేస్తే ఆ పిల్లల జీవితం అసలు పాఠంలో భాగం కాదన్న సంగతి కూడా వాళ్లకు చేరిపోతుంది. మనం నోటితో చెప్పకపోయినా సరే.

మా ఒకటో తరగతిలో జరిగినది చెబుతాను. ఒకరోజు కూడికలు చేయిస్తూ వేళ్ల మీద లెక్కపెట్టమన్నాను. ఒక పాప బొటనవేలితో మొదలుపెట్టింది. పక్కనున్న బాబు చూపుడువేలితో. జపాన్ నుంచి వచ్చిన అబ్బాయి అరచెయ్యి పూర్తిగా తెరిచి, ఒక్కొక్క వేలే లోపలికి ముడుస్తున్నాడు. చైనా అమ్మాయి ఒక్క చేతితోనే పది దాకా చూపించేసింది. భారతదేశం నుంచి వచ్చిన పిల్లవాడు బొటనవేలితో కణుపులు తాకుతూ లెక్కపెడుతున్నాడు. నేను పాఠం ఆపేశాను. పిల్లలంతా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడానికి ముప్పావు గంట పట్టింది. కణుపుల లెక్క అందరికీ తెగ నచ్చింది, ఒక్క చేతి నాలుగు వేళ్ల మీదే పన్నెండు లెక్కపెట్టవచ్చు కదా! అప్పటిదాకా తరగతిలో నోరు విప్పని ఆ పిల్లవాడు ఆ రోజు పదిమందికి గురువయ్యాడు. దానికి జెండా అవసరం రాలేదు, ముందస్తు ఉత్తరమూ అవసరం రాలేదు.

తోరణం:
నల్లబల్ల గారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఒక్క మాట చెప్పాలి. ఆరేళ్లుగా మా బడి తల్లిదండ్రుల సంఘం తరఫున ఈ వేడుక ఏర్పాట్లు చూస్తున్నాను. ఈ మధ్య ఎవరు రాసినా వంటలు, బట్టలు, జెండాలు అంటే పైపై మెరుగులని తీసిపారేస్తున్నారు. అది న్యాయం కాదు.

మా బడికి రెండేళ్ల కిందట ఒక తల్లి కొత్తగా వచ్చారు. బడి భాష ఆమెకు రాదు. సాయంత్రం గేటుకు దూరంగా చెట్టు కింద ఒక్కతే నిలబడి, పిల్లవాడు రాగానే చెయ్యి పట్టుకుని వెళ్లిపోయేవారు. ఎవరి పలకరింపూ ఉండేది కాదు. వేడుక రోజు ఆమెకు ఒక బల్ల ఇచ్చాం. పిల్లల పేర్లను అరబిక్ లిపిలో, వెదురు కలంతో రాసి ఇచ్చారు. కుడి నుంచి ఎడమకు కలం నడుస్తుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. వరుస మైదానం చివరిదాకా వెళ్లింది, తెచ్చిన కాగితాలన్నీ అయిపోయి ఆఫీసు నుంచి ఇంకో కట్ట తెప్పించాం. మర్నాటి నుంచి గేటు దగ్గర ఆమెను పేరు పెట్టి పలకరించేవాళ్లు పదిమందయ్యారు. ఏడాది పొడవునా చెప్పిన పాఠాలు చేయలేని పని ఆ ఒక్క రోజు చేసింది.

అందుకని తూనీగ గారూ, వేడుక తీసేయమని అడగకండి. ఉత్తరం మార్చమని అడగండి. నిజం చెప్పాలంటే మా బడి ఉత్తరంలోనూ "తమ దేశపు" అనే ఉంటుంది, ఆరేళ్లుగా నేనే రాస్తున్నాను. మీ అమ్మాయి ప్రశ్న చదివాక నిన్న రాత్రి దాన్ని మళ్లీ తీసి చూశాను.

నాలుగుఊళ్లు:
మీ అమ్మాయి వయసులో నేనూ ఆ ఊరేగింపులో నడిచాను. మా నాన్న ఉద్యోగం వల్ల పన్నెండేళ్లలో నాలుగు దేశాలు తిరిగాం. నా చేతికి మా పాస్‌పోర్టు దేశపు జెండా ఇచ్చారు. వేదిక మీద ఒక టీచరు ఆప్యాయంగా వంగి, "మీ జాతీయ గీతం పాడు బాబూ" అన్నారు. నాకు రాదు. నేను ఆ దేశంలో ఒక్క వేసవి సెలవు తప్ప ఎప్పుడూ లేను. మూడు వందల మంది ముందు నిలబడి కింద పలకల మధ్య గీతలు చూస్తూ ఉండిపోయాను. ఆమె తప్పేమీ లేదు. కానీ నాకు నలభై ఏళ్లు వచ్చినా ఆ నేల రంగు గుర్తుంది.

ఇలాంటి పిల్లలకు ఒక పేరుంది, "మూడో సంస్కృతి పిల్లలు" అని. రూత్ హిల్ యూసీమ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ మాట తెచ్చారు. ఆమె 1950లలో భర్తతో కలిసి భారతదేశానికి వచ్చి, ఇక్కడ పనిచేస్తున్న అమెరికన్ల జీవితాన్ని పరిశీలించారు. తల్లిదండ్రుల సంస్కృతి ఒకటి, ఉంటున్న చోటి సంస్కృతి రెండోది, ఈ రెంటి మధ్య ఊళ్లు మారుతూ బతికేవాళ్లు తమలో తాము కల్పించుకున్నది మూడోది. ఆ మాట నాకు ముప్పై దాటాక తెలిసింది. పదేళ్లప్పుడే తెలిసి ఉంటే ఎంతో ధైర్యంగా ఉండేది. మీ పాపకు ఇప్పుడే చెప్పండి.

ఒడ్డు:
జెండాల విషయంలో ఇంకో సంగతి. మా తరగతిలో ఇద్దరు పిల్లలున్నారు. వాళ్ల దేశాల మధ్య యుద్ధం నడుస్తోంది. ఆ పిల్లలిద్దరూ ఫుట్‌బాల్ ఆటలో ఒకే జట్టు. కిందటేడు ఊరేగింపులో అక్షరక్రమంలో నిలబెడితే ఆ రెండు జెండాలూ పక్కపక్కన వచ్చాయి. చూడటానికి వచ్చిన ఒక నాయనమ్మ ఏడుస్తూ బయటికి వెళ్లిపోయారు. పిల్లవాడు జెండా కింద పెట్టి ఆమె వెంట పరుగెత్తాడు.

పిల్లల్ని ఒకచోట చేర్చినంత మాత్రాన సఖ్యత రాదని గోర్డన్ ఆల్పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశారు. అందరికీ సమాన స్థాయి ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, దాన్ని కలిసి సాధించాలి, పైనున్న పెద్దలు దానికి అండగా ఉండాలి. ఊరేగింపులో వీటిలో ఏదీ లేదు. ఎవరి జెండా వారిది, ఎవరి నడక వారిది.

నల్లబల్ల:
ఒడ్డు గారు చెప్పినదానికి తరగతిలో పనికొచ్చే ఉపాయం ఒకటుంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో వేర్వేరు జాతుల పిల్లల్ని ఒకే బడిలో కలిపినప్పుడు గొడవలు చెలరేగాయి. ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇచ్చే పద్ధతి మొదలుపెట్టారు. తన ముక్క తను నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పాలి. ఒక్కరు చెప్పకపోయినా పాఠం పూర్తి కాదు. భాష తడబడే పిల్లవాడి మాట కూడా అందరూ ఓపిగ్గా వినాల్సిందే, ఎందుకంటే ఆ ముక్క వాడి దగ్గరే ఉంది. నేను ఏటా మొదటి వారంలోనే ఈ జట్లు వేస్తాను.

సాయంసంధ్య:
నా చింత వేరు. మా బాబు రెండో తరగతి. బడిలో చేరి పది నెలలైంది. ఆటస్థలంలో గలగల మాట్లాడతాడు, తరగతిలో మాత్రం రాత పని ఇస్తే బిగుసుకుపోతాడు. ఇంట్లో తెలుగు ఆపేసి బడి భాషే మాట్లాడమని ఒకరు సలహా ఇచ్చారు. మూడు వారాలు అలాగే చేశాం. వాడు ఇంట్లో కూడా మాట్లాడటం తగ్గించేశాడు. వేడుకకు "వైవిధ్యం" అని పేరు పెట్టి, ఇంటి భాషను ఇంట్లోనే ఆపమంటే ఎలా?

నల్లబల్ల:
అయ్యో, ఈ రోజు నుంచే మళ్లీ తెలుగు మాట్లాడండి. మీ బాబుకు లోపం ఏమీ లేదు, మీరు చెప్పినదంతా సహజమే. కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త ఈ రెండు రకాల భాషకు తేడా చూపించారు. తోటివాళ్లతో మాటలకు సుమారు రెండేళ్లలో అలవాటు పడతారు. పాఠ్యపుస్తకం అర్థం చేసుకుని, కారణాలు చెప్పి, వ్యాసం రాసే భాష తోటివారి స్థాయికి చేరాలంటే అయిదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు. ఆటస్థలంలో గలగల చూసి, తరగతిలో ఎందుకు రాయడని అడగడం తొందరపాటు.

ఇంటి భాషలో నేర్చుకున్న ఆలోచన రెండో భాషకూ పనికొస్తుంది. "ఎందుకు", "ఎలా" అని మీరు తెలుగులో వాడితో ఎంత మాట్లాడితే బడి చదువుకు అంత బలం. రాత పని ముందు తెలుగులోనే ఆలోచించి, తెలుగు మాటలతోనే చిత్తుప్రతి రాసుకోనివ్వమని టీచరును అడగండి. నా తరగతిలో ఆరుగురు అలాగే రాస్తారు. నాకు ఆ లిపులు చదవడం రాదు, అయినా చిత్తుప్రతి నిండుగా ఉందో లేదో కళ్లకు కనిపిస్తుంది.

పుస్తకాలగది:
బడి గ్రంథాలయం చూసుకుంటాను. రూడిన్ సిమ్స్ బిషప్ అనే ఆచార్యురాలు 1990లో రాసిన మాట మా గది తలుపు మీద అతికించుకున్నాను: పిల్లలకు పుస్తకం కిటికీ కావాలి, అద్దమూ కావాలి. కిటికీలోంచి ఇతరుల జీవితం, అద్దంలో తన జీవితం. కొందరు పిల్లలకు మా అల్మరాల నిండా అద్దాలే, కొందరికి అన్నీ కిటికీలే. మొన్న లెక్క చూస్తే మా తరగతుల్లోని నాలుగు ఇంటి భాషల్లో ఒక్క పుస్తకం కూడా లేదు. తల్లిదండ్రులనే అడిగాం. ఇళ్ల నుంచి తెచ్చి ఇచ్చారు, కొన్నింటికి అట్టలు కూడా ఊడిపోయి ఉన్నాయి. ఒక పాప ఆ అట్ట లేని పుస్తకాన్ని గుండెకు హత్తుకుని "ఇది నేను చదవగలను" అని గది అంతా తిరిగి చెప్పింది.

ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. 1952లో బెంగాలీ కోసం ఢాకాలో ప్రాణాలిచ్చిన విద్యార్థుల జ్ఞాపకార్థం వచ్చిన రోజు, 1999లో యునెస్కో ప్రకటించింది. ఆ రోజున తల్లులు, తండ్రులు, తాతలు వచ్చి ఒక్కొక్క కథ వాళ్ల భాషలోనే చదువుతారు. అనువాదం చెప్పం. బొమ్మలు చూస్తూ, గొంతు వింటూ పిల్లలు కథ పోల్చుకుంటారు. అర్థం కాకపోవడం ఎలా ఉంటుందో బడి భాష బాగా వచ్చిన పిల్లలకు ఆ పావుగంటలో తెలుస్తుంది. ఆ తరవాత కొత్తగా చేరిన పిల్లలతో వాళ్లు మాట్లాడే తీరు మారడం నేను చూశాను.

పెద్దవాడు:
అమ్మాయీ తూనీగా, నాకు డెబ్భై దాటాయి. నా మనవరాలికి ఇంట్లో పెట్టిన పేరు ఆరు అక్షరాలు. బడిలో కత్తిరించి రెండక్షరాలు చేశారు. "నీకు ఫరవాలేదా?" అని అడిగితే "వాళ్లకు పలకడం కష్టం తాతయ్యా" అంది. తన పేరు ఇతరులకు కష్టమని ఏడేళ్ల పిల్ల సర్దుకుపోవడం నాకు నచ్చలేదు. మా కోడలు ఫోనులో పేరు నిదానంగా పలికి రికార్డు చేసి టీచరుకు పంపింది. ఆ టీచరమ్మ వారం రోజులు సాధన చేసి, ఒక సోమవారం హాజరు పట్టీలో పూర్తి పేరు పిలిచింది. పిల్ల ఇంటికి వచ్చి ముందు ఆ సంగతే చెప్పింది. జెండాల కన్నా ముందు పేర్లు చూడమని చెప్పు.

నల్లబల్ల:
పెద్దాయన గారికి నమస్కారం. మీ మాట మా సిబ్బంది సమావేశంలో చెబుతాను. పేర్ల వరుస కూడా గమనించాలి. కొరియా, హంగరీ పిల్లలకు ఇంటిపేరు ముందు వస్తుంది, తెలుగువాళ్లలోనూ అంతే. పట్టీలో మొదటి మాటనే పేరనుకుని పిలిస్తే పిల్లను ఇంటిపేరుతో పిలిచినట్టవుతుంది.

తూనీగ గారూ, మీ వారిది స్పానిష్ కుటుంబం అన్నారు కదా. పాపకు లెక్కల్లో, ముఖ్యంగా భాగహారంలో, ఇబ్బంది ఏమైనా వస్తోందా?

తూనీగ:
మీకెలా తెలిసింది? పోయిన నెలలో భాగహారాలన్నిటికీ జవాబులు సరిగ్గా ఉన్నా, "మెట్లు చూపలేదు" అని సగం మార్కులు వేశారు. ఆమెకు నేర్పింది వాళ్ల నాన్నే.

నల్లబల్ల:
అనుకున్నాను. మనం భాజకాన్ని ఎడమ పక్కన రాస్తాం. స్పెయిన్‌లో, దక్షిణ అమెరికాలో చాలాచోట్ల దాన్ని కుడి పక్కన మూల గీసి రాసి, భాగఫలం దాని కింద వేస్తారు. మధ్యలో తీసివేతలు మనసులోనే చేసుకుని శేషం మాత్రమే దించుతారు. ఆ పద్ధతి తెలియని టీచరుకు మెట్లు ఎగ్గొట్టినట్టే కనిపిస్తుంది. జర్మనీలో భాగహారానికి రెండు చుక్కల గుర్తు వాడతారు. దశాంశానికి అక్కడ, ఫ్రాన్సులో కూడా, చుక్క బదులు కామా పెడతారు. జర్మనీ పిల్లలు ఒకటి అంకెకు పైన పొడుగ్గా కొక్కెం వేస్తే మనకు ఏడులా కనిపిస్తుంది, అందుకే వాళ్లు ఏడుకు నడుమ అడ్డగీత పెడతారు. మన లక్షలో కామాలు 1,00,000 అని పడతాయి, ఇతరులది 100,000. తెలియక నేనూ తొలి రోజుల్లో ఎర్రసిరాతో చాలామంది పిల్లల్ని తప్పు పట్టాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వైవిధ్యం మొదట గౌరవం పొందాల్సింది ఆ లెక్కల పుస్తకంలో. బడివాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి. బాలల హక్కుల ఒడంబడిక, 1989, 29వ అధికరణ కూడా అడగకుండానే మీ పక్షాన ఉంది: పిల్లల తల్లిదండ్రుల పట్ల, సొంత సంస్కృతి, భాష, విలువల పట్ల గౌరవం పెంచడం విద్య లక్ష్యాల్లో ఒకటని అందులో ఉంది. కానీ దాన్ని బల్ల మీద పెట్టి వాదించే అవసరం రాదనుకుంటాను. పుస్తకం చాలు.

తూనీగ:
మూడు వారాల తరవాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

తరగతి టీచరును కలిశాం. ముందు సున్నా చుట్టిన ఉత్తరం చూపించాను, తరవాత లెక్కల పుస్తకం. మా వారు కాగితం మీద తమ పద్ధతిలో ఒక భాగహారం చేసి చూపించారు. ఆమె రెండుసార్లు చేయించుకుని చూసి, "మార్కులు సరిచేస్తాను" అన్నారు. అంతటితో ఆగకుండా "తరగతికి వచ్చి నేర్పుతారా?" అని అడిగారు. మా వారు జీవితంలో పాఠం చెప్పలేదు. సరే అన్నారు.

ఉత్తరం మార్చి పంపారు. తోరణం గారూ, మీరు ఇక్కడ రాసినది కూడా వాళ్లకు చదివి వినిపించాను. వేడుక ఉంది, బల్లలు ఉన్నాయి, వంటలు తెచ్చేవాళ్లు తెచ్చారు, కోరుకున్న పిల్లలు జెండా కూడా పట్టుకున్నారు. ఊరేగింపు మాత్రం లేదు. "తమ దేశపు" అన్నచోట "మీ ఇంట్లో మీకు ఇష్టమైనది, ఇతరులకు నేర్పగలిగినది" అని రాశారు.

మా అమ్మాయి ఒక నిఘంటువు చేసింది. ఎనిమిది పేజీలు, దారంతో కుట్టినది. మా ఇంట్లో తప్ప ఎక్కడా లేని మాటలు అందులో ఉన్నాయి. "వామోస్" అంటే స్పానిష్‌లో పదండి వెళ్దాం అని. దానికి మన "దాం" తగిలించి రెండేళ్లప్పుడు తనే "వామోస్‌దాం" అనేది, మేమందరం ఇప్పటికీ అదే అంటాం. నీళ్లు కావాలంటే "అగువనీళ్లు", స్పానిష్‌లో "అగువ" అన్నా నీళ్లే. ఒక్కొక్క మాట కింద రెండు రంగుల గీతలు: స్పానిష్ ముక్కకు నారింజ రంగు, తెలుగు ముక్కకు ఆకుపచ్చ.

తన బల్ల దగ్గరికి వచ్చిన పిల్లలు తమ ఇళ్లలోని కలగలుపు మాటలు చెప్పడం మొదలుపెట్టారు. ఒకే భాష మాట్లాడే ఇంటి పిల్లవాడు కూడా తన చిన్న చెల్లెలు తప్పుగా పలికితే ఇంట్లో నిలిచిపోయిన మాట ఒకటి చెప్పాడు. తను అవన్నీ రాసుకుంది. చివరి పేజీలు చాలక టీచరును అడిగి కాగితాలు తెచ్చుకుని కుట్టింది.

నాలుగుఊళ్లు గారూ, "మూడో సంస్కృతి" సంగతి చెప్పాను. "అయితే నాది నాలుగోది" అంది.

ఈ గురువారం వాళ్ల నాన్న భాగహారం చెప్పడానికి వెళ్తున్నారు. నిన్నటి నుంచి వంటగదిలో గోడకు కాగితం అంటించి సాధన చేస్తున్నారు, తను పక్కన నిలబడి తప్పులు దిద్దుతోంది.

తోరణం:
వచ్చే ఏడాది ఉత్తరం ముసాయిదా రాశాను. మీ అమ్మాయికి చూపించి, ఎక్కడైనా సున్నా చుట్టాల్సి ఉంటే చెప్పమనండి.